బ్యానర్‌లార్డ్: నా సర్జన్ నా మనుషుల్నే కాపాడతాడా, ఆర్మీలో వచ్చిన పక్క లార్డుల బలగాన్ని కూడానా?

గుర్రపుడెక్క77
మౌంట్ అండ్ బ్లేడ్ బ్యానర్‌లార్డ్‌లో ఒక డౌట్, లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి. వ్లాండియా రాజ్యంలో వాసల్‌గా, అంటే రాజు కింద లార్డుగా ఉన్నాను. సర్జన్ రోల్‌లో విల్లోబార్క్ అని పేరు వెనక ఉన్న ఒక కంపానియన్‌ని (మన గుంపులో చేరే పాత్ర) పెట్టుకున్నా, అతని మెడిసిన్, అంటే వైద్యం స్కిల్, 160 దాటింది. నా సొంత బలగం బాగానే నిలబడుతోంది. యుద్ధం అయ్యాక చూస్తే చచ్చినవాళ్ళ కంటే గాయపడినవాళ్ళే ఎక్కువ. కానీ ఇన్‌ఫ్లుయెన్స్ (రాజ్యంలో పలుకుబడి పాయింట్లు) ధారపోసి ఆర్మీ పిలిస్తే, వచ్చిన లార్డుల మనుషులు మాత్రం రెండు కొట్లాటలకే సగానికి సగం తుడిచిపెట్టుకుపోతున్నారు.

నిన్న శత్రు రాజ్యం బటానియా వాళ్ళతో తలపడ్డప్పుడు ట్యాబ్ నొక్కి స్కోర్‌బోర్డు చూశా. నా పార్టీ (నా సొంత దళం) వరసలో చచ్చింది 11, గాయపడింది 34. దాని కింద వరసలో ఉన్న లార్డుది చచ్చింది 41, గాయపడింది 15. ఒకటే కొండ, ఒకటే శత్రువు, ఒకటే షీల్డ్ వాల్. ఆర్మీ లీడర్‌ని నేనే కదా? నా సర్జన్ ఆర్మీ మొత్తానికి పనిచేయాలి కదా? ఇది బగ్గా, లేక నేనేదైనా పెర్క్ (స్కిల్ పెరిగితే ఎంచుకునే అదనపు బలం) తీసుకోవాలా? కోట ముట్టడి దగ్గరికొచ్చేసరికి నిచ్చెన ఎక్కడానికి మనుషులు ఉండట్లేదు.

లూటర్_లీడర్
పిలిస్తే వచ్చారు, నీ ఇన్‌ఫ్లుయెన్స్ తిన్నారు, పోయారు. పెళ్ళికి వచ్చిన చుట్టాలు కూడా ఇంత తొందరగా ఖాళీ చేయరు అన్నా.

పాత_వార్‌బ్యాండ్
బగ్ కాదు. దీనికి ముందు గేమ్ వార్‌బ్యాండ్ రోజుల నుంచీ ఇదే గొడవ.

2010లో వచ్చిన ఆ గేమ్‌లో వైద్యానికి మూడు స్కిల్స్ ఉండేవి. ఫస్ట్ ఎయిడ్ హీరోలకి పోయిన హెల్త్‌లో కొంత తిరిగి ఇచ్చేది, పాయింటుకి 5 శాతం. వూండ్ ట్రీట్‌మెంట్ పార్టీ కోలుకునే వేగాన్ని పెంచేది, పాయింటుకి 20 శాతం. మూడోది సర్జరీ, అసలు నువ్వు అడుగుతున్నది దాని గురించే. ఏ స్కిల్లూ లేకపోయినా పడ్డవాడు చావకుండా గాయంతో బయటపడే అవకాశం 25 శాతం. సర్జరీ ఒక్కో పాయింటుకి దానికి 4 శాతం కలుస్తుంది. 10 పాయింట్లకి 65. కంపానియన్ దగ్గర 10 ఉండి, నీ దగ్గర కూడా 10 ఉంటే, నీ వల్ల ఇంకో 4 పాయింట్లు బోనస్. మొత్తం 14, అంటే 81 శాతం. స్వాడియన్ నైట్లు అస్సలు తగ్గేవాళ్ళు కాదు.

ఆ స్కిల్ వివరణలోనే ‘పార్టీ సభ్యుడు’ అని ఉండేది. పక్క లార్డు ఊసు అందులో లేదు. బ్యానర్‌లార్డ్‌లో ఆ మూడింటినీ కలిపి మెడిసిన్ అని ఒకే స్కిల్ చేశారు. పద్ధతి మారిందని నేననుకోను.

బటానియా_బంగారం
వార్‌బ్యాండ్‌లో మన డాక్టర్ కంపానియన్ జెరిమస్ గుర్తొచ్చాడు 😭 యుద్ధంలో వాడు పడిపోతే వాడి సర్జరీ లెక్కలోకి రాదని, ఎప్పుడూ వెనక వరసలో దాచేవాళ్ళం.

పాత_వార్‌బ్యాండ్
@బటానియా_బంగారం దాస్తే ఉంటాడా? ఛార్జ్ అనగానే అందరికంటే ముందు ఆయనే పరిగెత్తేవాడు. చేతిలో ఏముందో కూడా చూసుకోడు.

ఖుజైత్_కుర్రాడు
నేను ఒప్పుకోను. నాకు మెడిసిన్ పెరిగాక ఆర్మీలో అందరి నష్టం తగ్గింది. కళ్ళారా చూశా. మొదట్లో లార్డులు ఇలాగే ఊడ్చుకుపోయేవాళ్ళు, ఇప్పుడు నెలలపాటు ఆర్మీ తిప్పుతున్నా. కోహీజన్ (ఆర్మీ కలిసుండే పాయింట్లు) అయిపోయి విడిపోతున్నారు తప్ప మనుషులు లేక కాదు.

నిజామాబాద్_నార్డ్
నెలలపాటు తిప్పినవ్ సరే. అప్పుడు నీ దగ్గర ఎందరున్నరు, ఇప్పుడు ఎందరున్నరు? అది చెప్పు ముందు.

ఖుజైత్_కుర్రాడు
అప్పుడు 90 చిల్లర. ఇప్పుడు 240, అందులో ఖాన్స్ గార్డ్ సగం.

నిజామాబాద్_నార్డ్
గదీ సంగతి. గుర్రాల మీద తిరుగుకుంటనే బాణాలేసే గసుంటోళ్ళు 120 మందిని పెట్టుకుంటే, శత్రువు లార్డుల దాకా వస్తడా అసలు? మీ సర్జన్‌కి పనే లేదు భయ్యా.

కోడ్_కోతి
నేను మోడ్స్ (గేమ్‌ని మార్చే చిన్న ప్రోగ్రాములు) రాస్తుంటాను కాబట్టి గేమ్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఊహ కాదు, ఇది సీ షార్ప్ గేమ్, లోపలికి తొంగి చూడటం కష్టం కాదు.

యుద్ధంలో ఒకడికి హెల్త్ సున్నా అయ్యిందనుకోండి. ‘వీడు చచ్చాడా, స్పృహ తప్పాడా’ అని గేమ్ అప్పుడు అడుగుతుంది. ఆ లెక్క గెట్‌సర్వైవల్‌ఛాన్స్ అనే ఫంక్షన్‌లో ఉంది. దానికి ఇచ్చే ముఖ్యమైన వివరాలు ఇవి: పడ్డవాడు ఏ పార్టీ వాడు, వాడెవడు, తగిలిన దెబ్బ ఏ రకం, కొట్టినవాడు ఏ పార్టీ వాడు. అంతే. ఆర్మీ అనే మాటే అక్కడ లేదు. ఆర్మీకి లీడర్ ఎవరు, వాడి సర్జన్ ఎవరు అని ఎవరూ అడగరు.

ముందు దెబ్బ రకం చూస్తుంది. మొద్దు దెబ్బ, అంటే గద, కర్ర, గుర్రం గుద్దడం లాంటిదైతే మామూలుగా చావు లేదు, స్పృహ తప్పడమే. కత్తి, ఈటె, బాణం అయితే లెక్కలోకి దిగుతుంది. పడ్డవాడి సొంత పార్టీలో సర్జన్ మెడిసిన్ ఎంత అని చూస్తుంది. సర్జన్‌ని పెట్టకపోతే ఆ పార్టీ లీడర్ మెడిసిన్ తీసుకుంటుంది. తర్వాత పడ్డవాడి లెవెల్ కలుపుతుంది. లెవెల్ ఎక్కువైతే బతికే అవకాశం ఎక్కువ.

కాబట్టి గుర్రపుడెక్క గారి స్కోర్‌బోర్డు ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆయన మనుషులకి 160 మెడిసిన్ ఉన్న సర్జన్. పక్క లార్డు మనుషులకి ఆ లార్డే సర్జన్. ఆయన జీవితంలో కత్తి తప్ప కట్టు కట్టిన పాపాన పోలేదు.

లూటర్_లీడర్
సర్జన్ పోస్టు ఖాళీ, ఇన్‌ఛార్జిగా ఎమ్మార్వో గారు. అర్థమైంది.

గుర్రపుడెక్క77
@కోడ్_కోతి థాంక్స్ అన్నా, ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు. ఒక ప్రశ్న. ‘కొట్టినవాడు ఏ పార్టీ వాడు’ అనేది ఎందుకు అక్కడ? కొట్టినవాడికి దీంతో పనేంటి?

కోడ్_కోతి
డాక్టర్స్ ఓత్ కోసం. మెడిసిన్ 75 దగ్గర వచ్చే పెర్క్. నీ సర్జన్‌కి అది ఉంటే, నీ మనుషులు పడగొట్టిన శత్రువుకి కూడా నీ మెడిసిన్ కలుస్తుంది. వాడు చావడు, గాయపడి నీకు ఖైదీగా దొరుకుతాడు.

గుర్రపుడెక్క77
ఆగండాగండి. అంటే నా సర్జన్ శత్రువుని బతికిస్తాడు, పక్కన నిలబడి నాకోసం పోరాడుతున్న మిత్రుణ్ణి బతికించడా???

కోడ్_కోతి
అవును. ఇంకా సరదా ఏంటంటే, అదే శత్రువుని నీ మిత్రుడి సైనికుడు పొడిచాడనుకో, అప్పుడు నీ ఓత్ వర్తించదు. పొడిచినవాడి పార్టీ నీది కాదు కాబట్టి.

బటానియా_బంగారం
😂😂😂 నీ చేతిలో పడితే బతుకుతాడు, మీ స్నేహితుడి చేతిలో పడితే పోతాడు. నేనైతే శత్రువుగా నీ వైపే పరిగెత్తుకొస్తా.

సైలెంట్_రీడర్
హనుమంతుడు తెచ్చిన కొండ ఇలా పనిచేయలేదు. దాని గాలి తగలగానే పడిపోయిన వానర సైన్యం మొత్తం లేచి కూర్చుంది. సుగ్రీవుడి మనుషులు, అంగదుడి మనుషులు అని పార్టీల వారీగా చూడలేదు. రాక్షసులు మాత్రం ఒక్కడూ లేవలేదు. లేవడానికి శవాలుంటే కదా. ఎందరు పోయారో బయటికి తెలియకూడదని రావణుడు చచ్చినవాళ్ళని చచ్చినట్టే సముద్రంలో పారేయించాడు. ఈ గేమ్ చేసిన టేల్‌వరల్డ్స్ వాళ్ళు సరిగ్గా తిరగేసి రాశారు.

లూటర్_లీడర్
@సైలెంట్_రీడర్ పేరు సైలెంట్, పోస్టు మాత్రం హైలైట్. సుషేణుడిని సర్జన్, హనుమంతుడిని స్కౌట్, నలుడిని ఇంజినీర్. క్వార్టర్‌మాస్టర్ ఎవరో చెప్పండి, క్లాన్ పూర్తయిపోతుంది.

పాత_వార్‌బ్యాండ్
కుంభకర్ణుడు తప్ప ఎవరైనా పర్లేదు.

హౌస్‌సర్జన్_వైజాగ్
అందరూ నవ్వుతున్నారు గానీ ఆ పెర్క్ గాలిలోంచి పుట్టింది కాదు. నెపోలియన్ సైన్యంలో డొమినిక్ జాన్ లారే అని సర్జన్ ఉండేవాడు. గుర్రపు బళ్ళలో గాయపడ్డవాళ్ళని యుద్ధం జరుగుతుండగానే వెనక్కి తెచ్చే పద్ధతి, ఎగిరే అంబులెన్సులు అనేవాళ్ళు, అది ఆయనదే. ఎవడికి గాయం తీవ్రంగా ఉంటే వాడిని ముందు చూడాలి, ర్యాంకు చూడకూడదు, ఏ దేశం వాడో చూడకూడదు అన్నది ఆయన నియమం. 1815లో వాటర్లూ దగ్గర ప్రష్యన్లకి పట్టుబడ్డాడు. కాల్చేయమని ఆర్డరు కూడా అయింది. ఆఖరి నిమిషంలో ఒక డాక్టర్ గుర్తుపట్టి బ్లూషర్ దగ్గరికి చేర్చాడని, అంతకుముందు ఆ బ్లూషర్ కొడుకుని కాపాడింది కూడా లారేనే అని చెప్తారు. బతికి బయటపడ్డాడు.

కాబట్టి శత్రువుకి వైద్యం చేయడం వింత కాదు. మిత్రుడికి చేయకపోవడమే వింత. ఏ ఫీల్డ్ హాస్పిటల్‌లోనూ ‘మీది ఏ లార్డు దళం’ అని అడిగి లోపలికి పంపరు.

నిజామాబాద్_నార్డ్
డాక్టర్ సాబ్, ఆధార్ కార్డు అడుగుతరు గదా.

హౌస్‌సర్జన్_వైజాగ్
ముందు కట్టు కడతాం. తర్వాత అడుగుతాం.

డల్లాస్_రాత్రిపక్షి
ఇక్కడ తెల్లవారుజాము మూడు, ఈ థ్రెడ్ చదువుతూ కూర్చున్నా. రేపు స్టాండప్ మీటింగ్‌లో నిద్రపోతే మీదే బాధ్యత.

నా కేసు చెప్తా. నా తమ్ముడికి, అంటే గేమ్‌లో తమ్ముడికి, మా క్లాన్ (వంశం) తరఫునే ఇంకో పార్టీ ఇచ్చి పంపాను. నా దగ్గర ఉన్నంతకాలం ఎన్నిసార్లు పడిపోయినా లేచేవాడు. సొంత పార్టీ పెట్టుకున్న మొదటి సంవత్సరంలోనే ఆసెరాయ్ వాళ్ళ చేతిలో పోయాడు. అప్పుడు దురదృష్టం అనుకున్నా. కోడ్_కోతి చెప్పింది చదివాక అర్థమవుతోంది: వాడి పార్టీకి సర్జన్ వాడే. వాడికి వచ్చిన వైద్యం అంతా ఒక్కటే, గాయపడితే మా అక్క దగ్గరికి వెళ్ళమని చెప్పడం.

కోడ్_కోతి
@డల్లాస్_రాత్రిపక్షి హీరోల లెక్క కొంచెం వేరు. వాళ్ళకి చావు చాలా అరుదుగా వచ్చేలా పెద్ద గుణకం ఉంటుంది. వేసుకున్న కవచం బతికే అవకాశం పెంచుతుంది, వయసు తగ్గిస్తుంది. అయినా మూలం అదే పార్టీ మెడిసిన్. తమ్ముడికి మంచి కవచం ఇచ్చి పంపావా?

డల్లాస్_రాత్రిపక్షి
...మొదట్లో వేసుకున్న చొక్కానే.

బటానియా_బంగారం
😶

ఖుజైత్_కుర్రాడు
సరే, కోడ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఇంకో కోణం చూడండి. లార్డుల మనుషులు పోతే మనకేంటి నష్టం? యుద్ధం అయ్యాక దోపిడీ ఎవరెంత పోరాడారో దాన్నిబట్టి పంచుతారు. వాళ్ళు ముందే పోతే మిగిలిన పని నువ్వే చేస్తావు, వాటా నీకే ఎక్కువ. వాళ్ళ మనుషులకి జీతం నువ్వు ఇవ్వట్లేదు. మళ్ళీ ఊళ్ళ మీద పడి రిక్రూట్ చేసుకోవడం వాళ్ళ తలనొప్పి. నేనైతే వాళ్ళనే ముందు పంపిస్తా.

గుర్రపుడెక్క77
తలనొప్పి వాళ్ళది కాదు, నాదే. రిక్రూట్‌మెంట్‌కి వెళ్ళిన లార్డు మళ్ళీ తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా నేను కోట పట్టుకుని కూర్చుంటే బటానియా వాళ్ళు చుట్టుముడతారు. వచ్చినప్పుడు కూడా వాడి వెంట ఉండేది నిన్న నాగలి పట్టినవాళ్ళు.

కోడ్_కోతి
@గుర్రపుడెక్క77 ఇప్పుడు అసలు పాయింటుకి వచ్చావు. లెవెల్ కలుస్తుందని చెప్పా కదా. కొత్త రిక్రూట్ లెవెల్ చాలా తక్కువ. సర్జన్ కూడా లేకపోతే వాడు పడితే దాదాపు చచ్చినట్టే. టైర్ 5 వాడైతే, అంటే బాగా పై స్థాయికి ఎదిగిన సైనికుడైతే, సర్జన్ లేకపోయినా కొంత ఆశ ఉంటుంది.

ఒకసారి ఓడిన లార్డు పార్టీ నిండా రిక్రూట్లే. వాళ్ళకి లెవెల్ రాకముందే మనం మళ్ళీ ఆర్మీకి పిలుస్తాం. మళ్ళీ చస్తారు. మళ్ళీ రిక్రూట్లు. నువ్వు చూసిన 41 మందిలో సగం వీళ్ళే అయ్యుంటారు. స్కోర్‌బోర్డులో ఆ పార్టీ పేరు పక్కన నొక్కితే ఏ రకం సైనికులు పోయారో కిందికి విచ్చుకుంటుంది, చూడు.

గుర్రపుడెక్క77
చూశా అన్నా, సేవ్ లోడ్ చేసి మళ్ళీ అదే యుద్ధం ఆడి. లెక్కలు కొంచెం మారాయి గానీ కథ అదే. ఆ లార్డు వరస విప్పితే: వ్లాండియన్ రిక్రూట్ 19 చచ్చారు, గాయపడింది ఇద్దరే. లెవీ క్రాస్‌బోమ్యాన్ 8 చచ్చారు. కింద బ్యానర్ నైట్లు ఆరుగురు పడితే ముగ్గురు బతికారు. నా వరసలో రిక్రూట్ అన్నవాడే లేడు.

పాత_వార్‌బ్యాండ్
బ్యానర్ నైట్ ఆరుగురున్న లార్డంటే గొప్పే. మా రోజుల్లో లార్డుల దగ్గర ఇంత సరుకు ఉండేది కాదు.

నిజామాబాద్_నార్డ్
మీ రోజులు మీ రోజులేనా పెద్దమనిషీ, ఇంక ఇడువు.

సైలెంట్_రీడర్
ఆటో రిజల్వ్‌లో కూడా ఇదే లెక్కనా? నేను చిన్న యుద్ధాలకి ఎప్పుడూ మనుషుల్ని పంపి కూర్చుంటా.

కోడ్_కోతి
అక్కడ కూడా చావా గాయమా అన్నదానికి అదే ఫంక్షన్. పార్టీ వారీగానే. కాకపోతే అక్కడ కొండ, షీల్డ్ వాల్, నీ తెలివి ఏవీ ఉండవు కాబట్టి పడేవాళ్ళ సంఖ్యే ఎక్కువ అనిపిస్తుంది.

హౌస్‌సర్జన్_వైజాగ్
అందరూ పడ్డాక ఏమవుతుందో మాట్లాడుతున్నారు. పడకుండా చూడటం గురించి ఎవరూ అనట్లేదు. వైద్యంలో కూడా అంతే, ఐసీయూ గురించి అందరికీ ఆసక్తి, హెల్మెట్ గురించి ఎవరికీ లేదు.

నువ్వు ఆర్మీ లీడర్‌వి అయితే యుద్ధంలో అన్ని ఫార్మేషన్లూ నీ చేతిలోనే ఉంటాయి. నీ మనుషులు, లార్డుల మనుషులు కలిసిపోయి ఉంటారు. కాబట్టి నువ్వు ఎలా నడిపిస్తావో అదే వాళ్ళ ఆయుష్షు. బటానియా విలుకాళ్ళు ఫియన్ల ముందు కాల్బలాన్ని ఎదురు నడిపించకు, బాణాల వానలో రిక్రూట్లే ముందు పోతారు. షీల్డ్ వాల్‌లో ఆపు, గుర్రాలని పక్కనుంచి తిప్పి ఆర్చర్ల వెనక్కి పంపు. శత్రువు మొరేల్ (ధైర్యం) విరిగి పారిపోవడం ఎంత తొందరగా మొదలైతే, నీ మిత్రుల చావులు అంత తక్కువ. పారిపోయేవాడు ఎవడినీ పొడవడు.

ఖుజైత్_కుర్రాడు
అదే నేను మొదట్నించీ చెప్తున్నది! నా దగ్గర నష్టం తగ్గింది అన్నానా లేదా. కారణం మెడిసిన్ కాకపోతే గుర్రాలు. తగ్గిందా లేదా?

నిజామాబాద్_నార్డ్
తగ్గింది తగ్గింది. కానీ సర్జన్ పేరు మీద క్రెడిట్ కొట్టేయకు, గుర్రాలకి ఇయ్యి.

బటానియా_బంగారం
ఇక్కడ ఫియన్లని విలన్లలా మాట్లాడుతున్నారు, ఖండిస్తున్నా.

డల్లాస్_రాత్రిపక్షి
మరి 75 దగ్గర ఏది తీసుకోవాలి? డాక్టర్స్ ఓతా, స్లెడ్జెసా? రెండూ ఒకే లెవెల్‌లో కదా.

పాత_వార్‌బ్యాండ్
స్లెడ్జెస్. గాయపడ్డవాళ్ళు ఎక్కువైతే పార్టీ నత్తలా నడుస్తుంది, ఆ భారం సగం తగ్గిస్తుంది. మెడిసిన్ పెంచుకున్నకొద్దీ చావులు తగ్గి గాయాలు పెరుగుతాయి, అంటే నీ నడక ఇంకా మందగిస్తుంది. సర్జన్ మంచివాడయ్యేకొద్దీ ఈ పెర్క్ అవసరం పెరుగుతుంది. ఇది చాలామంది చూడరు.

లూటర్_లీడర్
డాక్టర్స్ ఓత్. ఖైదీలు అంటే డబ్బు. టావెర్న్‌లో రాన్సమ్ బ్రోకర్ ఉన్నాడు, వాడికి అమ్మేయడమే. ధర్మం ధర్మమే, బేరం బేరమే.

ఖుజైత్_కుర్రాడు
@లూటర్_లీడర్ అమ్మడం కంటే మీ రాజ్యం కోటలో డంజన్‌కి డొనేట్ చేస్తే ఇన్‌ఫ్లుయెన్స్ వస్తుంది. ఆ ఇన్‌ఫ్లుయెన్స్‌తో మళ్ళీ ఆర్మీ పిలవచ్చు. చూశారా, ఓత్ మిత్రుల్ని నేరుగా కాపాడదు గానీ కొత్త మిత్రుల్ని తెచ్చిపెడుతుంది.

నిజామాబాద్_నార్డ్
తెచ్చినోళ్ళు మళ్ళ చస్తరు. గుండ్రంగ తిరుగుతున్నం.

హౌస్‌సర్జన్_వైజాగ్
ఓత్ విషయంలో ఒక హెచ్చరిక. గాయపడ్డ శత్రువులు నీకు ఖైదీలయ్యేది నువ్వు గెలిస్తేనే. ఓడిపోతే వాళ్ళు లేచి, కోలుకుని, మళ్ళీ నీ మీదికే వస్తారు. నువ్వే బతికించావు మరి. చిన్న రాజ్యంలో ఉండి ఎప్పుడూ ఓటమి అంచున పోరాడేవాళ్ళు స్లెడ్జెస్ తీసుకోవడమే మంచిది.

గుర్రపుడెక్క77
నా సర్జన్‌కి ఇప్పటికే ఓత్ ఉంది. అరీనా ఉన్న ఊళ్ళో డబ్బులిచ్చి పెర్క్ మార్చుకోవచ్చు కదా?

పాత_వార్‌బ్యాండ్
మార్చుకోవచ్చు, అరీనా మాస్టర్ దగ్గర. కానీ ఇప్పుడు ఎందుకు మార్చడం, నువ్వు గెలుస్తున్నావు. ఖైదీల్ని అమ్ముకో, ఆ డబ్బుతో నీ క్లాన్ పార్టీలకి మంచి సైనికులని ఇవ్వు.

గుర్రపుడెక్క77
అదే ఆలోచిస్తున్నా. బయటి లార్డుల్ని పిలవడం తగ్గించి, సొంత క్లాన్ నుంచి రెండు పార్టీలు పెట్టి వాటితోనే ఆర్మీ కడితే? వాటి లీడర్లుగా మెడిసిన్ ఉన్న కంపానియన్లని పెడితే, ఆ పార్టీల మనుషులకి వాళ్ళే సర్జన్లు అవుతారు కదా?

కోడ్_కోతి
అవుతారు. పైగా క్లాన్ పార్టీలని ఆర్మీకి పిలవడానికి నీకు ఇన్‌ఫ్లుయెన్స్ ఖర్చు కాదు. నీ దగ్గర పండిన టైర్ 4, 5 వాళ్ళని వాళ్ళకి ఇవ్వచ్చు కూడా. బయటి లార్డుకి ఆ వీలు లేదు. ‘హీలర్’, ‘సర్జన్’, ‘విల్లోబార్క్’ అని పేరు వెనక ఉన్నవాళ్ళని టావెర్న్‌లలో వెతుకు.

ఖుజైత్_కుర్రాడు
లీడర్‌కి మెడిసిన్ కాదు స్టీవార్డ్ ఉండాలి. పార్టీ సైజు పెరిగేది దానితో. 60 మందిని బాగా బతికించేవాడి కంటే 100 మందిని తెచ్చేవాడు మేలు.

హౌస్‌సర్జన్_వైజాగ్
ఇదెక్కడి లెక్క! 100 మందిలో 40 మంది ప్రతి యుద్ధానికీ పోతే మూడో యుద్ధానికి ఎవరుంటారు? బతికినవాడు అనుభవంతో లెవెల్ పెంచుకుంటాడు. చచ్చినవాడి స్థానంలో రిక్రూట్ వస్తాడు.

ఖుజైత్_కుర్రాడు
రెండూ ఇంటెలిజెన్స్ కిందే ఉన్నాయి డాక్టర్ గారూ. ఇంటెలిజెన్స్ పెంచితే స్టీవార్డ్, మెడిసిన్ రెండూ నేర్చుకుంటాడు. కొట్లాట ఎందుకు.

హౌస్‌సర్జన్_వైజాగ్
ఫోకస్ పాయింట్లు ఎక్కడ పెడతావన్నదే కదా ప్రశ్న. నేను మెడిసిన్‌లో పెడతా. నా వృత్తి అది, పక్షపాతం ఉంది, ఏం చేయను.

సైలెంట్_రీడర్
మెడిసిన్ తొందరగా పెంచడం ఎలా? నా సర్జన్ 70 దగ్గరే ఆగిపోయాడు.

డల్లాస్_రాత్రిపక్షి
గాయపడ్డవాళ్ళతో ఊళ్ళోకి వెళ్ళి కాసేపు ఆగు. వాళ్ళు కోలుకుంటుంటే సర్జన్‌కి అనుభవం వస్తుంది. గాయాలు పూర్తిగా మానేలోపు పక్కనున్న సీ రైడర్లతో (సముద్రపు దొంగలతో) ఇంకో కొట్లాట. కొంచెం క్రూరమే.

కోడ్_కోతి
యుద్ధంలో మనవాడు పడ్డ ప్రతిసారీ కూడా వస్తుంది. బతికితే ఎక్కువ, చచ్చినా కొంత. పడ్డవాడి టైర్ పెద్దదైతే ఇంకా ఎక్కువ. అందుకే రిక్రూట్లని చంపుకుంటూ పోతే సర్జన్ పెద్దగా నేర్చుకోడు.

లూటర్_లీడర్
పేషెంటు పోయినా అనుభవం వస్తుందంటే... @హౌస్‌సర్జన్_వైజాగ్ మీరేమంటారు?

హౌస్‌సర్జన్_వైజాగ్
నేను ఈ ప్రశ్న చూడలేదు.

నిజామాబాద్_నార్డ్
😂 కోతన్నా, ఇదంతా కాదు. నువ్వు మోడ్ రాస్తవ్ కదా. ఆర్మీ లీడర్ సర్జన్ అందరికీ పనిచేసేలా ఒకటి రాసియ్యి. ఎంత పని?

కోడ్_కోతి
పని చిన్నదే. చావా గాయమా అని తేల్చే ఆ హీలింగ్ మోడల్ (కోడ్ ముక్క) స్థానంలో మనది పెట్టి, పడ్డవాడి పార్టీ ఏదైనా ఆర్మీలో ఉంటే, సొంత సర్జన్, ఆర్మీ లీడర్ సర్జన్ ఇద్దరిలో ఎవరు మెరుగైతే వాళ్ళ మెడిసిన్ తీసుకోమని చెప్పాలి. ఓ పది లైన్లు.

కానీ ఒక చిక్కు. ఈ నియమం ఒక్క నీకే పెడితే చీటింగ్ అంటారు. అందరికీ పెడితే శత్రు ఆర్మీలకి కూడా వర్తిస్తుంది. అప్పుడు బటానియా ఆర్మీలో కూడా చావులు తగ్గుతాయి. గెలిచినవాళ్ళ నష్టం తక్కువ, ఓడినవాళ్ళు ఖైదీలై పారిపోయి మళ్ళీ వస్తారు. ఇప్పటికే ఈ గేమ్‌లో యుద్ధాలు తెగవు. ఇంకా తెగవు.

గుర్రపుడెక్క77
అందరికీ పెట్టు అన్నా. శత్రువు లీడర్లలో మెడిసిన్ ఉన్నవాళ్ళు ఎందరు? నాకే లాభం.

ఖుజైత్_కుర్రాడు
సింగిల్ ప్లేయర్‌లో చీటింగ్ ఏంటి అసలు? ఎవరు అడుగుతారు?

పాత_వార్‌బ్యాండ్
నేను అడుగుతా. మిత్రులు చస్తారన్న భయం లేకపోతే ఎవడు జాగ్రత్తగా నడుపుతాడు? ఇప్పుడు కనీసం ఆ రిక్రూట్ల కోసమైనా షీల్డ్ వాల్ కడుతున్నావు.

బటానియా_బంగారం
పెద్దాయనకి మోడ్ ఇవ్వకండి, మిగతా అందరికీ ఇవ్వండి.

కోడ్_కోతి
సరే, ఆన్ ఆఫ్ చేసుకునే సెట్టింగ్ పెట్టి వారాంతంలో ఇక్కడే ఫైల్ పెడతా. వేసేముందు సేవ్ కాపీ తీసి పెట్టుకోండి. గేమ్ వెర్షన్ ఏదో కూడా ఇక్కడ రాయండి, ఒక్కో ప్యాచ్‌కి ఆ ఫంక్షన్ రూపం కొంచెం మారుతుంటుంది.

గుర్రపుడెక్క77
ఆ లోపు చెల్లికి పార్టీ ఇచ్చేశా. మెడిసిన్ 90, కవచం కూడా మంచిదే పెట్టా (డల్లాస్ చెప్పిన తమ్ముణ్ణి తలచుకుని). వెర్షన్ ఇంటికెళ్ళి చూసి రాస్తా.

డల్లాస్_రాత్రిపక్షి
హెల్మెట్ మర్చిపోకు.

లూటర్_లీడర్
కోతన్నా, మోడ్‌లో మా లూటర్ గుంపులకి కూడా ఒక సర్జన్ వేయించు. రాళ్ళు రువ్వుకుంటూ ఎంతకాలమని బతుకుతాం.